ఎవాంజెలిన్ దిద్దిన మాట

మా బి.ఇడి. కాలేజీలో అందరిచేతా బ్లాగులు రాయించాలన్న ఆలోచన ప్రమీలమ్మ మేడంది. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ రోజు చెప్పిన పాఠం గురించి సాయంత్రం బ్లాగులో రాయాలి, మిగతావాళ్ళు చదివి కింద కామెంటు పెట్టాలి. నాకు ఒళ్ళు మండింది. పొద్దస్తమానం పిల్లల ముందు గొంతు చించుకుని, ఆ గోలంతా మళ్ళీ ఫోనులో టైపు చేయడమేమిటి? నేనైతే నాలుగు ముక్కలు గిలికి పడేసేదాన్ని. నా స్నేహితురాలు ఎవాంజెలిన్ మాత్రం పేజీలు నింపేది.

అది కావలిలో పాస్టరు గారి అమ్మాయి. చిన్నప్పటి నుంచి చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం అలవాటు. సాక్ష్యమంటే మొదట కష్టం, తర్వాత ప్రార్థన, చివరికి విజయం. దాని బ్లాగూ అంతే. పిల్లలు అల్లరి చేశారు, నేను ఓపిక పట్టాను, దేవుని దయవల్ల పాఠం విజయవంతమైంది. చివర ఆమెన్ ఒక్కటే తక్కువ. ఆ మాట అంటే మూతి ముడుచుకునేది.

మా ఇద్దరికీ వాకాడు దగ్గర సముద్రం ఒడ్డునున్న ఒక జాలర్ల పల్లె బడి పడింది. ఆరో తరగతికి నేను లెక్కలు, అది తెలుగు. ఒకరోజు ఇలా రాసింది: "ఇంటి గురించి ఒక వాక్యం చెప్పమన్నాను. వినీల అనే పాప 'మా నాయన వేటకు పోయినాడు' అంది. పోయినాడంటే చనిపోయాడని అర్థం, వెళ్ళాడు అనాలి అని నేర్పాను. తరగతి అంతా చక్కగా పలికింది. విజయవంతం."

నాకు నవ్వొచ్చింది. ఇంటికి ఫోను చేసి "నాయన మీటింగుకు పోయినాడా?" అని అడిగేది ఇదే మరి. కామెంటులో దాని బండారం బయటపెడదామనుకునే లోపలే మేడం రాసిన ప్రశ్న కనిపించింది. "తరగతి పలికింది సరే. వినీల పలికిందా?"

ఎవాంజెలిన్ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏమే, ఆ బిడ్డ పలికిందా లేదా? నువ్వు వరండాలోనే ఉండావు గదా."

"టీచరువి నువ్వా, నేనా? నన్నడగబాక. ఏం జరిగిందో జరిగినట్టు రాయి. విజయం గిజయం లేకుండా."

రాయడానికి కూర్చుంది. రాస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మాట దిద్దగానే వినీల కూలబడినట్టు కూర్చుంది. కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. గంట కొట్టగానే ఇంటికి పోకుండా ఒడ్డుకు పరుగెత్తింది. అంతవరకు రాసి, ఫోను నా చేతిలో పెట్టి ఏడ్చేసింది.

"వాళ్ళ నాయన నీళ్ళ మీదుంటే, చచ్చిపోయినాడని నేనే గదే ఆ బిడ్డకు చెప్పింది."

పోస్టును అలాగే, ముగింపు లేకుండా పెట్టేసింది. కింద ఎవరూ శభాష్ అనలేదు. మా క్లాసులోని నాయుడుపేట గిరిబాబు మాత్రం, తానూ పిల్లల మాటలు ఇలాగే దిద్దుతున్నానని, ఇకమీదట దిద్దాక వాళ్ళ ముఖాలు చూస్తానని రాశాడు.

మరునాడు బడికి వస్తుంటే, వినీల తండ్రి ఓబయ్య క్షేమంగా ఒడ్డు చేరాడని తెలిసింది. హమ్మయ్య, అంతా సర్దుకుందనుకున్నాను. ఎక్కడ! హాజరు పిలిస్తే ఆ పిల్ల చెయ్యి ఎత్తింది గానీ నోరు విప్పలేదు. వారమంతా అదే వరస. ఎవాంజెలిన్ రోజూ ఉన్నదున్నట్టు రాసింది. ఈ రోజూ మాట్లాడలేదు. చాక్లెట్ ఇచ్చాను, తప్పు చేశాను. అందరి ముందు అడిగాను, ఇంకా పెద్ద తప్పు. బ్లాగంటే మండిపడే నేను, బస్సెక్కగానే అది ఏం రాసిందోనని వెతికేదాన్ని. ఆ తిక్కదాని మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

శనివారం బడి వదిలాక ఎవాంజెలిన్ వెళ్ళి, మెట్ల మీద వినీల పక్కన కూర్చుంది. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"నేను ఆ మాట అట్టా అనకూడదమ్మా. తప్పు నాదే. మా ఇంట్లో గూడా పోయినాడనే అంటాము."

పాప వేలితో గచ్చు మీద ఇసుకను గీస్తూ ఉండిపోయింది. చివరికి, "మళ్ళా అనబాకండి టీచర్," అంది.

"అనను."

"రేపు మా నాయన మళ్ళా వేటకు..."

వినీల అక్కడ ఆగింది. ఏ మాట అనాలో తెలియక టీచరు ముఖంలోకి చూసింది.

ఎవాంజెలిన్ ఆ చిన్న చెయ్యి పట్టుకుంది. "పోతాడు. పోయొస్తాడు."

"పోయొస్తాడు," అంది వినీల. సముద్రం వైపు తిరిగి, గట్టిగా, ఇంకోసారి అంది.