నలభై ముగ్గురు హాజరు

గాజుపెట్టెకి వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల పుస్తకం మాత్రం లేదు.

శరణ్య తాళం తీసి, అడుగున పరిచిన గుడ్డ ఎత్తి చూసింది. నమ్మలేక మళ్ళీ ఎత్తి చూసింది. గోడ గడియారంలో పదికి పది నిమిషాలుంది. పదకొండుకి మంత్రిత్వ శాఖ అతిథులు వస్తారు. టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి ఢిల్లీలో డెబ్బై ఐదేళ్ళ కిందట పెట్టిన ఆ సంస్థలో, దేశం బడులు కట్టుకుంటూ వచ్చిన కథంతా చూపించే ప్రదర్శన మొదలవుతుంది. ఆ ప్రదర్శనకి ప్రాణం ఆ ఒక్క పుస్తకమే. 1951లో కుల్వంత్ కౌర్ అనే ట్రైనీ రాసుకున్న లెసన్ ప్లాన్ రికార్డు అది. లాహోర్ వైపు నుంచి వచ్చిన శరణార్థుల డేరాలో, నేలమీద కూర్చున్న పిల్లలకి ఆమె చెప్పిన పాఠాలు అందులో ఉన్నాయి.

"తాళాలు రెండే," అంది వెనకే వచ్చి నిలబడ్డ డైరెక్టర్ ఛాయాదేవి. "ఒకటి నీ దగ్గర. ఒకటి నా బీరువాలో. ఆ బీరువా తెరిచేది సాయినాథ్."

"సాయినాథ్ గారా? ముప్పై ఏళ్ళుగా రికార్డు గది ఆయనే చూసుకుంటున్నారు మేడమ్."

"అందుకేగా ఏది విలువైందో వాడికి తెలిసింది! పదకొండులోగా దొరక్కపోతే పోలీసులకి చెప్పాలి. వాడి మీద అనుమానమని రాసివ్వు. అది ఇష్టం లేకపోతే నీ నిర్లక్ష్యమని రాసివ్వు. నీ కాంట్రాక్టు పొడిగించే ఫైలు ఇంకా నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందిగా?"

కర్నూలులో బీఈడీ చదివేటప్పుడు ఈవిడ రాసిన పుస్తకం చదివాకే శరణ్య ఢిల్లీ రైలెక్కింది. ఒక ప్రశ్నతో మొదలుపెట్టి నీడతో దిక్కులు నేర్పే పాఠం ఛాయాదేవికి దేశమంతా పేరు తెచ్చిపెట్టింది. 'ఈ ప్రశ్న ఒక ఉదయం తరగతిలో నిలబడి ఉండగా నాకు తట్టింది' అని మొదటి పేజీలోనే రాసుకుంది.

రికార్డు గదిలో సాయినాథ్ టీ గ్లాసులు కడుగుతున్నాడు. నిజామాబాద్ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆయన మాటలో ఆ ఊరు అలాగే ఉంది.

"ఏమైంది బిడ్డా, ముఖం అట్ల పెట్టినవ్?"

చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ కాయితాలకి చెదల మందు కొట్టుకుంటనే ముసలోణ్ణైన. తీస్కపోవాల్నంటే ఇన్నేండ్లు ఎందుకు ఆగుత?"

"మీరు కాదని నాకు తెలుసు అన్నా. పుస్తకం లేకుండా అది నిరూపించేదెలా? స్కానర్ మే నెల నుంచీ మూలనే పడుంది. నా ఫోన్లో మొదటి పేజీ ఫోటో ఒక్కటే ఉంది."

అప్పుడే నేహా రొప్పుతూ లోపలికి వచ్చింది. ఈ ఏడాది ట్రైనీ. తెలుగువాళ్ళ పిల్లే గానీ పుట్టి పెరిగింది నోయిడాలో.

"సారీ దీదీ, మెట్రో లేట్. ఇదిగో నా రికార్డు. ప్రదర్శనలో చివరి టేబుల్ మీద పెట్టమన్నారు కదా."

శరణ్య పరధ్యానంగా తెరిచింది. పాఠం: నీడతో దిక్కులు. బడి: వైశాలి. హాజరు: నలభై మూడు.

"మీ క్లాసులో నలభై ముగ్గురున్నారా?"

నేహా నాలిక కరుచుకుంది. "ఇరవై ఆరు. సీనియర్ రికార్డులోంచి దింపేశాను దీదీ. అందరూ అంతే. ఆ నంబర్ కూడా వచ్చేసినట్టుంది. సర్ చూడలేదు, సైన్ చేసేశారు."

శరణ్య ఫోన్ తీసింది. కుల్వంత్ కౌర్ మొదటి పేజీ. హాజరు: నలభై మూడు. దాని కింద ఆమె పిల్లల్ని అడగబోయే మొదటి ప్రశ్న: 'మీరు ఈ ఊరికి వచ్చేటప్పుడు పొద్దుటి ఎండ మీకు ఎటువైపు తగిలింది?'

నేహా రికార్డులోనూ అదే ప్రశ్న. అక్షరం పొల్లుపోలేదు.

ఇన్నాళ్ళూ డేరా బడి అని మురిసిపోయి ఫోటో తీసిందే గానీ, ఆ వరస శరణ్య ఎప్పుడూ చదవలేదు. ఛాయాదేవి తనకి తట్టిందని రాసుకున్న ప్రశ్న ఆమె పుట్టకముందే డేరాలో ఎవరో ఎలా అడిగారు?

"అన్నా, ప్రతి బ్యాచ్ నుంచి ఒక సెట్టు దాస్తారు కదా. ఈ పాఠం ఉన్నవన్నీ తీయగలరా?"

సాయినాథ్ వెతకలేదు. చెయ్యి పెడితే చాలు, కావలసిన కట్ట చేతికొచ్చింది. 1958. 1963. 1972. 1991. 2007. బల్ల నిండిపోతోంది. కొన్ని హిందీలో, కొన్ని ఇంగ్లీషులో. చేతిరాతలు మారాయి, సిరాలు మారాయి. హాజరు మాత్రం ఎక్కడ చూసినా నలభై మూడే. డెబ్బై ఐదేళ్ళుగా సీనియర్ల దగ్గర జూనియర్లు దొంగచాటుగా దింపుకుంటూ, సూపర్‌వైజర్లు చదవకుండా సంతకాలు పెడుతూ ఆ పాఠాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చారు.

"అందరం చీటర్సే," అని నవ్వబోయిన నేహా ఆగిపోయింది. "దీదీ, ఇది చూడండి. పిల్లల జవాబులు రాసే గడి. ఇది మాత్రం ఎవరూ కాపీ కొట్టలేదు."

ఎలా కొడతారు? ఆ గడి క్లాసులో పిల్లలు చెప్పాకే నింపాలి.

1951, ఫోన్లో: 'ముఖం మీద. అమ్మ తన దుపట్టా కప్పింది.' లాహోర్ నుంచి తూర్పుకి నడిచిన పిల్ల.

1963: 'ఎడమ చెంప మీద.' కొండల్లోంచి కిందికి దిగొచ్చిన పిల్లవాడు.

1972: 'కుడి చెంప మీద. రైలు కిటికీలోంచి.' పాలమూరు కూలీల బిడ్డ.

2007: 'వీపు మీద. మాది దర్భంగా.' బీహార్ నుంచి వచ్చిన పిల్లవాడు.

2021: 'నడిచి ఊరికి పోయేటప్పుడు ముఖం మీద. మళ్ళీ వచ్చేటప్పుడు వీపు మీద.'

బయట ఆటోల మోత వినిపిస్తోంది. ఇన్ని విద్యా కమిషన్ల నివేదికలు గోడలకి తగిలించిన శరణ్యకి, ఈ మహానగరం ఎలా నిండిందో ఎండ తగిలిన చెంపలతో సహా పిల్లలే చెప్పిన లెక్క ఈ బల్ల మీద దొరికింది. తెలియకుండానే తన కుడి చెంప తడుముకుంది. కర్నూలు నుంచి వచ్చిన రోజున ఎండ అటే తగిలింది.

"ఎనభై నాలుగు ఏదన్నా?" అంది. ఛాయాదేవి ఇక్కడ ట్రైనీగా ఉన్న సంవత్సరం అది.

సాయినాథ్ చెయ్యి మొదటిసారి తటపటాయించింది. "అది మేడమ్‌ది బిడ్డా. నిన్న పొద్దుగూకంగ వచ్చి తీసుకొని చూసింది. శానాసేపు ఊకెనే కూసుంది. మళ్ల నా చేతికే ఇచ్చి పోయింది."

పేజీ తిప్పింది. ఛాయాదేవి, రోల్ నంబర్ పదిహేడు. హాజరు: నలభై మూడు. ఆ ప్రశ్న.

ఇప్పుడు రెండో తాళంచెవి ఎవరు వాడారో అడగనక్కర్లేదు. గాజుపెట్టెలో ఆ పేజీ తెరిచి పెడితే, ప్రశ్న ఎవరికి తట్టిందో ఊరంతా చదువుతుంది.

"దీన్ని పక్కన పెట్టేద్దామా దీదీ?" అంది నేహా. "మీ జాబ్ పోతుంది."

శరణ్య పెన్ను తీయలేదు, కాగితం అడగలేదు. ఎనభై నాలుగుని దాని చోట్లోనే పెట్టింది. "మధ్యలో ఈవిడ చెప్పకపోతే ఆ ప్రశ్న నా దాకా వచ్చేది కాదు. వరసలో ఉండాల్సిందే."

పదకొండుకి హాలు నిండింది. ఖాళీ పెట్టె ముందు పొడవాటి బల్ల, దాని మీద వరసగా తెరిచిన రికార్డులు. ముందు వరసలో ఛాయాదేవి ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్‌ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తలుపు దగ్గర టీ ట్రేతో సాయినాథ్.

శరణ్య ఉపన్యాసం ఇవ్వలేదు. బళ్ళో హాజరు పిలిచినట్టు చదివింది. సంవత్సరం, పేరు, పిల్ల చెప్పిన జవాబు. కుల్వంత్ కౌర్. ముఖం మీద. మూడో పేరుకి హాల్లో దగ్గులు ఆగిపోయాయి. ఏడో పేరుకి ఒక ముసలాయన తన చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"1984. ఛాయాదేవి. ఆసియా ఆటల స్టేడియాలు కట్టిన కూలీల పిల్లల బడి. జవాబు: 'వీపు మీద. నేను నాన్న భుజాల మీద ఉన్నాను. ఆయన చొక్కా తడిసిపోయింది.'"

ఛాయాదేవి తల వంచుకుంది.

చివరి పేరు నేహాది. చప్పట్లు మొదలయ్యాక ఆగలేదు. ముఖ్య అతిథి లేచి ఖాళీ పెట్టె మీద చెయ్యి వేశాడు.

"అద్భుతం. మరి ఆ మొదటి పుస్తకం? ఎవరు తీశారు?"

సాయినాథ్ చేతిలో గ్లాసులు గలగలలాడాయి. ఛాయాదేవి లేచింది. ఆ గలగల వైపు ఒకసారి చూసింది. అడుగులో అడుగు వేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, పాతికేళ్ళు నిండని వయసులో రాసిన తన చేతిరాతని వేలితో తాకింది. బ్యాగు జిప్పు తీసింది. అట్ట చిరిగిన పుస్తకాన్ని రెండు చేతులతో 1958 పక్కన, మొదటి చోట్లో పెట్టింది.

"దీన్ని ఎవరు తీశారో పేరు రాసిమ్మని పొద్దున ఈ అమ్మాయిని నిలదీశాను," అంది మైకు అక్కర్లేనంత గట్టిగా. "ఆ పేరు నేనే చెబుతున్నాను. ఛాయాదేవి."