మా గడియారానికి నేను పెంచిన పాట

మా నాన్న వేలంపాట మనిషి. దివాలా తీసిన కొట్లలో సరుకు, అప్పు తీర్చలేని ఇళ్ళలో బీరువాలు, సైకిళ్ళు, ఏదైనా సరే నడిబజార్లో బల్లెక్కి పాడి అమ్మేవాడు. ఆయన గొంతెత్తితే రెండు వీధుల అవతలవాడు కూడా జేబు తడుముకునేవాడు. ఆ నోరే నాకూ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, "నువ్వు నోరు విప్పితే ఊరు లేస్తుందే తల్లీ," అని మురిసిపోయారో, విసుక్కున్నారో ఇప్పటికీ నాకు తెలీదు.

చిన్నప్పుడు నాన్న నన్ను జనం మధ్యలో నిలబెట్టేవాడు. పాట చప్పబడితే ఆయన చెవి గోక్కుంటాడు, నేను ఇంకో వంద ఎత్తాలి. మా పిన్ని ఇంకో వంద. ఇది మోసమని మాకెవరూ చెప్పలేదు. కొనేవాళ్ళకీ తెలుసు, నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఒక్కటే నియమం: ఆఖరి మాట మనది కాకూడదు. ఎదుటివాడి మొహం చూస్తూ ఎత్తాలి, వాడి కళ్ళలో ఆశ తగ్గగానే ఆగిపోవాలి.

మా ఆయన గడియారాల రిపేరు. నేను పది మాటలంటే ఆయనది ఒకటి, అదీ "ఊఁ". ముప్పై ఏళ్ళు కుడికంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత స్క్రూలతో కాపురం చేశాడు. రెండేళ్ళ క్రితం ఎడమ కంట్లో లోపలి పొర ఊడిపోయింది. ఆపరేషన్‌కి నా గాజులు పోయాయి, చుట్టాల ఓపిక పోయింది, చివరికి కన్నూ పోయింది. ఈసారి కుడికంట్లో మెరుపులు మొదలయ్యాయి. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ఎనభై వేలవుతుంది. నెల లోపల చేయించండి. నెల దాటితే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు." ఉచిత ఆసుపత్రికి వెళ్తే మూడు నెలల తర్వాతి తేదీ వేసి చీటీ ఇచ్చారు.

ఇంట్లో అమ్మదగ్గవి ఆయన దాచుకున్న పాత గడియారాలే. నాలుగు. బజార్లో అడిగితే నాలుగింటికీ కలిపి పాతిక వేలిస్తానన్నాడో పెద్దమనిషి. నేను వాడికి చెప్పాల్సింది చెప్పి వచ్చాను. అప్పుడు మా తమ్ముడన్నాడు, "అక్కా, ఆన్‌లైన్‌లో వేలం పెడదాం. పాత గడియారాలంటే పై దేశాలవాళ్ళు ప్రాణం పెడతారు." వాడిది ఫోన్లు బాగుచేసే కొట్టు. బావ పేరుతో ఖాతా తెరిచాడు, ఫొటోలు తీశాడు.

తీరా మొదలెట్టాక ఒకటే గోల. ఒక దేశంవాడు కార్డు మీద కడతానంటాడు. ఇంకో దేశంవాడికి కార్డంటే భయం, నేరుగా బ్యాంకులోనే వేస్తాడట. ఒకడు చెక్కు పోస్టులో పంపుతానన్నాడు, మా తమ్ముడు దండం పెట్టేశాడు. ఎవరెలా కట్టినా డబ్బు ముందు సైటువాళ్ళ దగ్గరికే చేరుతుంది. మనం కొత్తవాళ్ళం కాబట్టి మూడు వారాలు వాళ్ళ దగ్గరే ఉంచుకుని ఆ తర్వాత వదులుతారు. ఇహ కోతలు! అమ్మిపెట్టినందుకు నూటికి పది. డబ్బు పుచ్చుకున్నందుకు మూడు. కొన్నవాడు పై దేశంవాడైతే ఇంకో ఒకటిన్నర. వాడి డబ్బుని మన డబ్బుగా మార్చినందుకు మరో ఒకటిన్నర.

"వాడు పై దేశంలో పుట్టడం కూడా నా తప్పేనట్రా?" అన్నాను.

"అందరికీ అంతేనక్కా," అన్నాడు వాడు.

అయినా ఆ వారంలో మూడు అమ్ముడుపోయాయి. కోతలు పోను యాభై ఎనిమిది వేలు. మూడు వారాలు ఆగినా నెల లోపలే చేతికొస్తాయి. మిగిలింది జేబు గడియారం, మా ఆయనకి పని నేర్పిన గురువుగారిది. వేలం ముగిసే మధ్యాహ్నం దాని పాట ఇరవై ఏడు వేల దగ్గర ఆగింది. ఇంకో పది నిమిషాలే టైముంది. ఆయన పక్కగదిలో పడుకుని ఉన్నాడు, కంటి మీద తడిగుడ్డ.

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఇరవై ఏడులో కోతలు పోతే ఇరవై రెండు వేల చిల్లర. అన్నీ కలిపితే ఆపరేషన్‌కి బొటాబొటిగా సరిపోతుంది. మరి మందులకి? రానూపోనూ ఆటోలకి? పైగా ఒళ్ళు మండింది. అంత గడియారాన్ని అంతకే కొట్టేస్తాడా ఆ పాడేవాడు? ఆ కోతలేవో వాడి నెత్తిన వేద్దామని, నా ఫోన్లో, నా పేరుతో, మా ఇంటి అడ్రసుతోనే ఖాతా తెరిచాను. దొంగతనానికి వెళ్ళేవాడు ఇంటి అడ్రసు రాసిచ్చి వెళ్తాడా? నేను రాసిచ్చాను. తప్పనుకుంటే కదా!

ముప్పై అన్నాను. వాడు ముప్పై ఒకటి అన్నాడు. నాకు చిన్నప్పటి హుషారు వచ్చేసింది. ముప్పై మూడు అన్నాను. వాడు అంటాడు, అంటాడని చూస్తున్నాను. ఫోన్లో అంకెలే గానీ మనిషి మొహం లేదు. టైమైపోయింది. "అభినందనలు, మీరు గెలిచారు," అని వచ్చింది.

మర్నాడు పొద్దున్న తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావక్కా?" అన్నాడు, గుమ్మంలోనే కూలబడి. ఒకే ఇంటి నుంచి అమ్మకం, పాట రెండూ జరిగాయట. మోసం కింద లెక్కట. ఖాతా మూసేశారు. అందులో ఉన్న డబ్బంతా ఆర్నెల్లు ఆపేశారు. మూడు గడియారాల డబ్బూ అందులోనే ఉంది.

నేను వాళ్ళకి రాయని ఉత్తరం లేదు. మా ఆయన కన్నండీ అని రాశాను, డాక్టరమ్మ చీటీ ఫొటో తీసి పంపాను. నిమిషంలో జవాబొచ్చేది. "మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నాం." మనిషైతే కాళ్ళు పట్టుకునేదాన్ని. జేబు గడియారం బజార్లో ఆరు వేలకి పోయింది. ఎక్కని గుమ్మం ఎక్కి, పడని మాట పడి ఇంకో ఇరవై వేలు తెచ్చాను. ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కనీసం సగమైనా కట్టమంది. నెల దాటింది.

మా ఆయనకి నేను చెప్పిందేమిటంటే, సైటువాళ్ళు ఏదో తనిఖీ అంటూ డబ్బు తొక్కిపెట్టారని. ఆయన నమ్మాడు. జన్మలో ఎవర్నీ ఒక్క మాట అనని మనిషి, ఆర్నెల్లూ కూర్చుని వాళ్ళని తిట్టాడు. నేను ఆయన కంటే గట్టిగా తిట్టాను. ఆ తిట్లు తిడుతున్నప్పుడు నా మీద నాకే అసహ్యమేసేది.

ఆర్నెల్లకి డబ్బు పడింది. నాకు నేను అమ్ముకున్న గడియారానికి కూడా కోత కోసుకుని మరీ వేశారు. ఆయన చొక్కా తొడుక్కుని తయారైపోయాడు. "పదవే, ఇప్పుడైనా చేయిద్దాం," అన్నాడు. నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగాడు.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది, ఆపింది, మళ్ళీ వేసింది. ఆయన్ని లోపలే కూర్చోబెట్టి నన్ను బయటికి పిలిచింది. "నెలలోపల తీసుకురమ్మన్నానమ్మా. ఈ డబ్బు దాచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది," అంది. ఆ తలుపు పల్చటిది. ఆయనకి వినిపించింది.

ఇంటికొచ్చాక పని బల్ల ముందు కూర్చున్నాడు. భూతద్దం చేత్తో తిప్పుతూ, "దొంగ వెధవలు. వాళ్ళ ఇంట్లో దీపం ఆరిపోను," అన్నాడు.

ఇహ నా వల్ల కాలేదు. "తిట్టకండి. వాళ్ళు కాదు. పాట పెంచింది నేను," అన్నాను.

"ఏం పాట?"

చెప్పాను. నాన్న దగ్గర నేర్చిన విద్యతో సహా, చివరి ముప్పై మూడు వేలతో సహా, అంతా చెప్పాను. ఆయన మొహం నా వైపు తిరిగింది గానీ చూపు నన్ను దాటి గోడ దగ్గర ఆగింది.

"నువ్వు ముట్టుకోకపోతే ఎంతకి పోయేది?"

"ఇరవై ఏడు."

లెక్కల్లో ఆయన గట్టివాడు. పెదాలు కదిపాడు. "కోతలు పోను, మిగతావాటితో కలిపితే..."

"ఎనభై వేల ఆరొందలు."

"సరిపోయేది."

"సరిపోయేదండీ. మందులకి ఎవరో ఒకరు ఇచ్చేవాళ్ళు."

"ఊఁ," అన్నాడు.

చెయ్యి ముందుకి చాపాడు. కొట్టడానికో, పట్టుకోవడానికో నాకు తెలీదు. ఆ చెయ్యి నేనున్న వైపు కాకుండా పక్కకి, ఖాళీ కుర్చీ మీదికి వెళ్ళింది. అక్కడ తడుముతోంది. ఏదైనా సరేననుకుని, నేనే లేచి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను.