నడవలేని కారు

మా మనుమడు వీరేశ్ కొన్న కారులో వెనక సీటు పేరుకే ఉంది. రెండు మేకపిల్లలను కూర్చోబెడితే మూడోదానికి చోటుండదు. ఎక్కాలంటే మనిషి సగానికి మడత పడాలి, దిగాలంటే ఎవరైనా చెయ్యి పట్టి లాగాలి. దాన్ని స్పోర్ట్స్ కారంటారట. హైదరాబాద్‌లో ఎవరో ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి వదిలించుకున్నదానికి మావాడు పూలదండ వేసి నారాయణఖేడ్ తెచ్చాడు. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం వాడిది. అక్కడి నుంచి ఇంటికి నడిచొస్తే చేతిలో చాయ్ కూడా చల్లారదు. ఆ దూరానికి ఆ కారు.

కొన్నవాడు ఊరుకోక, దానికి తేలిక చక్రం వేయిస్తానని పట్టుపట్టాడు. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఒక బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుందట. పేరు ఫ్లైవీల్. అది తీసి సగం బరువున్నది వేస్తే ఇంజిన్ చప్పున లేస్తుంది, చప్పున దిగుతుంది అని ఫోన్లో ఎవడో చెప్పాడట. ముంబై నుంచి పార్సిల్ వచ్చింది. పెట్టె మీది రాత తెలుగు కాదు కాబట్టి నేను చదవలేకపోయాను. వాడు చదవగలిగి కూడా చదవలేదు. బొమ్మ చూసి మురిసిపోయాడు.

ట్రాక్టర్లు బాగుచేసే ఇర్ఫాన్ షెడ్డులో కారును పైకెత్తి గేర్‌బాక్స్ దించారు. మనుమరాలి పెళ్ళి వారంలో పెట్టుకొని బండి విప్పుతారా అని మనసు ఆగక నేను చూడబోయాను. ఇర్ఫాన్ కొత్త చక్రాన్ని ఒంటిచేత్తో ఆడిస్తున్నాడు.

“ట్రాక్టర్ల గీ చక్రం ఇద్దరం పట్టి మోస్తం అవ్వా. గిది సూడు, దావత్ల కంచం లెక్కున్నది.”

మరి ఎందుకు వేస్తున్నావంటే, మీ మనుమడు వేయమన్నాడు అన్నాడు. నాకు ఇంజిన్లు తెలియవు, ఇసుర్రాయి తెలుసు. పై రాయి బరువుంటేనే చెయ్యి తీసినా ఇంకో చుట్టు తిరుగుతుంది. తేలిక రాయి, చెయ్యి ఆగితే తానూ ఆగుతుంది. ఆ మాటే చెప్పాను.

“గిది ఇసుర్రాయి కాదు అవ్వా. కాలు పెడితే ఉరకాలె,” అన్నాడు పక్కనే ఉన్న వీరేశ్.

“ఉరికి ఏడికి పోతవ్‌రా? నువ్వు గేరు మార్చేలోపు మనూర్ రోడ్డు మీద గుంతొస్తది.”

ఇర్ఫాన్ నవ్వాడు. వీరేశ్ నవ్వలేదు. తీసేసిన పాత చక్రాన్ని ఒక మూల పడేశారు. నేను ఆటోలో వేయించుకొని ఇంటికి తెచ్చి, కోతులు మూత తీయకుండా కందిపప్పు డబ్బా మీద పెట్టుకున్నాను.

నా భయం కారు గురించి కాదు. వీరేశ్ చెల్లెలు అంకితను కంగ్టి అబ్బాయి శివరాజ్‌కు ఇస్తున్నాం. అన్న కారులోనే అత్తగారింటికి పోతానని అది ముందే చెప్పేసింది. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పుట్టింటి నుంచి పోయే ఆడపిల్ల బండి ఊరి పొలిమేర దాటేదాకా ఆగకూడదు. ఆగితే పిల్ల దిగి, ఇంటికొచ్చి, కూర్చొని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. దూరం పోయే మగవాళ్ళకూ అంతే. పెళ్ళిలో అయితే ఆడవాళ్ళు బండి మీద చెయ్యి వేసి పొలిమేర దాకా పక్కన నడుస్తారు. బండి వాళ్ళ అడుగులంత మెల్లగా పోవాలి.

ఇదంతా చాదస్తమని వీరేశ్ అంటాడు. వాడి తాత సంగప్ప హైదరాబాద్‌కు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయిన రోజు బస్సు స్టాండులోనే ఆగిపోయింది. దిగి, ఇంటికొచ్చి నీళ్ళు తాగి పొమ్మన్నాను. సీటు పోతుందన్నాడు. నలుగురు కలిసి తోస్తే బస్సు కదిలింది. మనిషి తిరిగి రాలేదు. ఆ తరువాత రోజూ స్టాండుకు పోయి వచ్చే బస్సుల బోర్డులు చూసేదాన్ని. నేను చదువు నేర్చుకున్నది ఆ బోర్డుల మీదే.

పెళ్ళయింది. ఎండ దిగుతుండగా అప్పగింతలు చేశాం. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ దండలతో సహా ఆ వెనక సీటులో కుక్కారు. శివరాజ్ మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ కారు ఊరికే నిలబడితేనే లోపల గిన్నెలు దొర్లినట్టు చప్పుడు. వీరేశ్ నల్లద్దాలు పెట్టుకొని, గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు.

కారు దగ్గింది, ఆగింది. నిమ్మకాయ కూడా నలగలేదు.

బాజా వాళ్ళు తెలియక వాయిస్తూ ముందుకు పోయారు. మళ్ళీ తాళం తిప్పాడు, మళ్ళీ ఆగింది. రేస్ ఇయ్యమని ఇర్ఫాన్ జనంలోంచి అరిచాడు. ఇచ్చాడు. ఈసారి కారు కప్పలా ఎగిరింది. ఆడవాళ్ళు చెల్లాచెదురయ్యారు, హారతి పళ్ళెం మోరీ కాలువలో పడింది, శివరాజ్ తలపాగా ముందు సీటు మీదికి దొర్లింది. తలుపు మీద వేసిన నా చెయ్యి గాలిలో మిగిలింది. నాలుగిళ్ళ అవతల అది మళ్ళీ ఆగింది. ఉరకడం వచ్చు, చావడం వచ్చు, నడవడం మాత్రం రాదు దానికి. పెళ్ళిలో కావలసింది ఆ నడకొక్కటే.

తోద్దామని కుర్రవాళ్ళు చొక్కా చేతులు పైకి మడిచారు. నేను గబగబా పోయి కారుకు అడ్డంగా నిలబడ్డాను.

“తోస్తే నా మీదికెల్లి తోయుండ్రి. పిల్ల దిగాలె.”

అంకిత దిగింది. ఇంట్లోకి వచ్చి నా మంచం మీద కూర్చుంది. చెంబుతో నీళ్ళిచ్చాను. ఒక్కో గుక్క, ఎంతసేపో తాగింది. బయట శివరాజ్ వాళ్ళవాళ్ళు తొందరపెడుతున్నారు. అంకిత మాత్రం డబ్బా మీది చక్రాన్ని చూస్తూ, గదేంది అవ్వా అంది. మీ అన్న తెలివి అన్నాను. నవ్వుతూ నా భుజానికి తల ఆనించింది. పొద్దున్నుంచి దాన్ని దగ్గరగా చూసింది అప్పుడే.

పెళ్ళికొచ్చిన మా పక్కింటి మొగులప్ప ట్రాక్టరు, రిపేరై ఇర్ఫాన్ షెడ్డులో ఉంది. ఇర్ఫాన్ పోయి తెచ్చాడు. ట్రాలీలో చాప పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టాం. ఆ ట్రాక్టరు నిమ్మకాయలు తొక్కి, దుక్ దుక్ మంటూ, మేం నడిచినంత మెల్లగా నడిచింది. నేను ట్రాలీ అంచు పట్టుకొని నడిచాను. అంకిత నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టింది. పొలిమేర రాయి వచ్చింది. నేను ఆగాను. ట్రాక్టరు ఆగలేదు. నేను కోరుకున్నదే అది. కనుమరుగయ్యేదాకా ఒక్కసారి దగ్గుతుందేమో, ఆగుతుందేమో అని చూస్తూ నిలబడ్డాను. దాని ఇనుప చక్రం బరువైంది. ఆగలేదు.

తిరిగొచ్చేసరికి వీధిలో ఆ కారు వాడిన దండలతో అడ్డంగా ఉంది. వీరేశ్ నల్లద్దాలు తీసేసి అరుగు మీద కూర్చున్నాడు.

“అవ్వా, పాత చక్రం ఇయ్యి. రేపు మల్ల ఎక్కిపిస్త.”

“ఇయ్య. పప్పు డబ్బా మీద ఉండనియ్యి.”

“ఊకె ఆగుతది అవ్వా, ఎట్ల?”

“ఆగనియ్యి. అంకిత మల్లొచ్చి పోయేటప్పుడు దీంట్లనే పోతది.”

వాడు నా మొహంలోకి తెల్లబోయి చూశాడు. ఆ కారు ఆగిన ప్రతిసారీ పిల్ల దిగి, లోపలికొచ్చి, నా మంచం మీద కూర్చొని నీళ్ళు తాగాలి కదా. వాడికి అది తట్టలేదు. అంత తెలివే ఉంటే ఆ కారు కొనేవాడా?