పులుసులో సూది

నా చేతి ముద్ద తినడం వల్లే నా బిడ్డ చచ్చిపోతుందేమోనని భయపడేదాన్ని. అంతకన్నా పెద్ద భయం నాకు ఉండేది కాదు.

నంద్యాలలో మా అత్త సుగుణమ్మ ఇంట్లో గిన్నెలన్నీ ఇత్తడివి. లోపలి కళాయి పూత కాస్త నల్లబడితే చాలు, "బోకులు తోమేది మీయమ్మ నేర్పలేదా?" అనేది. చింతపండూ ఇసుకా వేసి, ఇత్తడి పసుప్పచ్చగా మెరిసేదాకా రుద్దించేది. ఆ మెరుపు వచ్చిందంటే తగరం పూత పోయిందనే అర్థం. పూత పోయిన గిన్నెలో పుల్లనిది పెడితే ఇత్తడిలోని రాగి అందులోకి కరుగుతుంది. పచ్చిపులుసు పొద్దుటి నుంచి రాత్రిదాకా అందులోనే. పెద్దవాళ్లు వికారంగా ఉంటే పైత్యమని సోడా తాగేవారు. ఏడాదిన్నర బిడ్డ, నా కృప మాత్రం తిన్న కాసేపటికే కక్కేది.

"నీ పాలల్లోనే ఉండాది జబ్బు" అనేది అత్త.

సత్తు గిన్నె కొందామన్నాను. "సత్తు గిన్నెల్లో వండుకునేదానికి మాదేమన్నా అడక్కతినే కొంపనా?" కళాయి పూసే సాయిబు వీధిలో కేకేస్తూ పోతుంటే పిలవబోయాను. "మొన్నే కదా ఏపిచ్చింటి! నువ్వే గీకి గీకి పోగొట్టినావ్."

మా ఆయన ఆనందరావు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. ఆయనకు చెప్పాను. "ఇంటరు మధ్యలో ఆపినదానివి, నాకు కెమిస్ట్రీ చెప్తాండావా?" అని నవ్వాడు. ఆపింది నేను కాదు, మా నాయన. చదువుకున్న పిల్లే కావాలని అడిగి చేసుకున్నది ఈయన.

మా పుట్టింటి ఊరు ఆళ్లగడ్డలో ఇంటరు చదివేటప్పుడు నేను ల్యాబుకు వెళ్లింది కొద్ది రోజులే. నీలంగా ఉన్న మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేశాం. మేకు మీద ఎర్రగా రాగి పేరుకుంది. మేం చప్పట్లు కొడుతుంటే కమలాక్షమ్మ మేడం, "రాగిని చూసి మురిసిపోతాండారు, ఇనుము యాడికి పోయిందో అడగరేం?" అంది. ఒకటి పోగొట్టుకుంటేనే ఇంకొకటి పొందేదనీ, వచ్చిన రాగికి తగ్గ ఇనుము కరిగే ఉంటుందనీ, ఆ లెక్క తప్పదనీ బోర్డు మీద కట్టి చూపించింది. గిన్నెలు రుద్దుతున్నప్పుడల్లా ఆ మాటే నాలో తిరిగేది. ఆయన చొక్కా తెలుపు, అత్త గిన్నెల తళుకు, వచ్చినవాళ్లు మెచ్చుకునే శుభ్రం, ఇన్ని పేరుకుంటున్నాయంటే ఎవరో ఒకరు కరుగుతూనే ఉండాలి కదా. అడిగేవాళ్లేరీ?

ఒక ఆదివారం చర్చికి వెళ్లేముందు పులుసులో కుట్టుసూది వేసిపెట్టాను. వచ్చి తీస్తే ఎర్రగా రాగి. కంచాల ముందు కూర్చున్నాక ఆయన చేతికిచ్చాను. వెలుతురుకు పట్టి చూశాడు. గోటితో గీకాడు. ముఖం మారిపోయింది.

"ఏందిరా అది?" అంది అత్త.

"తుప్పులే మా. తడి తగిల్తే సూది తుప్పు పట్టదా?"

తెలియక అని ఉంటే క్షమించేదాన్ని. ఏటా పిల్లల చేత అదే చేయించి మార్కులు వేసే మనిషి. ఆ పూట తను పులుసు వద్దన్నాడు, పెరుగు చాలన్నాడు. బిడ్డ కంచంలో అత్త పులుసు పోస్తుంటే మాత్రం చూస్తూ ఊరుకున్నాడు.

కంచం లాగేశాను. బిడ్డను చంకనేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఇక్కడ కృప కక్కడం లేదు. కాపురం చెడగొట్టుకున్నావని నాయన రోజూ అంటాడు. అననీ. నేను తిరిగి వెళ్లను.

కానీ ఇప్పుడు ఆ వంటిల్లు మా మరిది భార్య లూదియా చేతికి వచ్చింది. కడుపుతో ఉంది. గిన్నెల సంగతి ఆమెకు చెప్పి రమ్మని నేను పంపిన మనిషిని గడప దాటనివ్వలేదు. పెద్ద కోడలికి పిచ్చి పట్టిందని చెప్పి పంపేశారు. మీరు నంద్యాలలో ఉండి ఇది చదువుతుంటే, స్టేషన్ వెనక వీధిలో సుగుణమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. ఏదో ఒక వంకతో వెళ్లి లూదియాను చూసి రండి. తిన్నది కడుపులో నిలుస్తోందా అని అడగండి. అత్త ఎదురుగా అడగకండి. అప్పుడు "బాగుండాను" అంటుంది. నేనూ అట్లే అనేదాన్ని.