వంతెన మీద సంతకం

ప్రెస్సు కింద మూడో కాంక్రీటు ముక్క కూడా చిట్లింది. పిడికిలంత లావు, జానెడు పొడవు. తొంభై ఏళ్ళ వంతెన కమాను నుంచి డ్రిల్లుతో తొలిచి తీసినది.

"ఎంతమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"పదకొండు సార్. మొదటి రెండూ పన్నెండు దాటలేదు," అంది ల్యాబ్ అమ్మాయి.

ఉండవలసిన బలం ఇరవై. ఇరవై ఎనిమిది ఉందని తొమ్మిదేళ్ళ కిందట రాసి సంతకం పెట్టింది ఈ ఇంజనీరే.

అప్పుడాయన స్ప్రింగు సుత్తి ఒక్కటే పట్టుకెళ్ళాడు. కాంక్రీటుకు ఆనించి నొక్కితే సుత్తి వెనక్కి ఎగిరిపడి ఒక అంకె చూపిస్తుంది. పాతబడేకొద్దీ గాలి తగిలి పైపొర రాయిలా బిగుస్తుందనీ, సుత్తికి తెలిసేది ఆ పొర సంగతేననీ ఆయనకు తెలియక కాదు. అంత అందమైన కమానుకు చిల్లులు పెట్టడానికి చేతులు రాలేదు. పైన పటారం, లోన లొటారం. పటారాన్ని కొలిచి, ఇంటికి పోయి హాయిగా భోంచేశాడు మహానుభావుడు.

ఆ వంతెన మీదుగా రోజుకు ఆరుసార్లు బస్సు నడిపేది ఆయన అన్నయ్య. భయపడే ప్రయాణికులకు అన్నయ్యది ఒకటే మాట: "మా తమ్ముడు స్వయంగా కొట్టి చూసి సంతకం పెట్టాడు. గుండెల మీద చెయ్యేసుకుని కూర్చోండి."

"ఇంకో చోట తీసి చూద్దామా సార్? బాగా రావచ్చేమో," అంది అమ్మాయి, ఆయన మొహం చూడలేక.

ఆ మాట పట్టుకుని వేలాడాలని ఆయనకు ఎంత ఆశ పుట్టిందో! కానీ మళ్ళీ తీయడానికి నెల పడుతుంది. వాహనాలు వెంటనే ఆపాలని రాశాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు: పాత నివేదిక తప్పు, రాసింది నేనే. అది పై ఆఫీసుకు పంపి, అన్నయ్యకు ఫోన్ చేశాడు.

"స్టాండులోనే ఉన్నాన్రా. బండి నిండింది, బయల్దేరుతున్నా."

"వంతెన మీదుగా పోకు అన్నయ్యా. చుట్టు తిరిగి పో."

"అదేంట్రా, బాగుందన్నది నువ్వే కదా!"

"అన్నాను. లోపల చూడకుండా అన్నాను."

"ఎప్పటినుంచి బాలేదు?"

"అప్పుడూ బాలేదు."

అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇన్నేళ్ళూ నీ మాట నేను చెప్పాను. ఇవాళ నువ్వే చెప్పు," అని ఫోను స్పీకర్లో పెట్టి బస్సులోకి తిప్పాడు.

అవతల నలభైమంది వింటున్నారు. ఇంజనీరు కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాడు.