ఆకులూ వేర్లూ తప్ప మరేమీ లేదు

మూలికల పొడి కార్ఖానాలో ఆమెను అందరూ లేబులక్క అనేవాళ్లు. కొలెస్ట్రాల్ తగ్గించే పొడి అది. "ఆకులూ వేర్లూ తప్ప మరేమీ లేదు" అని అచ్చేసిన కాగితాన్ని డబ్బాకు అంటించడం ఆమె పని. పొడి కొట్టే గదిలోకి మాత్రం యజమాని ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఎందుకని ఆరేళ్లుగా ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆమె తమ్ముడు తాపీమేస్త్రీ. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరు మాత్ర రాస్తే, దానికి తోడు ఈ పొడి తాగించింది ఆమే. మూడు నెలల్లో రక్తపరీక్షలో అంకె అమాంతం దిగింది.

"అంతా నీ ఆకుల మహిమే అక్కా! ఆ మాత్ర ఉత్త సున్నంబిళ్ల" అని తమ్ముడు కనపడ్డవాడికల్లా చెప్పాడు.

నాలుగో నెలలో తొడలు పట్టేసి, నిచ్చెన మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

"అప్పుడే ముసలాడివైపోయావేంట్రా?"

"నవ్వకే. మూత్రం కూడా నల్లటి టీలా వస్తోంది."

ఆమె నవ్వు ఆగిపోయింది.

మర్నాడు ఊడ్చే మనిషి రాలేదు. పొడిగది గుమ్మంలో పెట్టిన చెత్తబస్తాను లేబులక్కే ఈడ్చింది. అడుగు చిరిగి మాత్రల ఖాళీ అట్టలు జలజల రాలాయి. ఆకుపచ్చ చార, అదే పేరు. తమ్ముడి దిండు కింద ఉండే అట్టే. గుప్పెడు తీసి సంచిలో వేసుకుంది.

"ఏమ్మా, చెత్త కూడా ఇంటికేనా?" అన్నాడు యజమాని.

"చెత్తేగా, మీకెందుకండీ?"

నేరుగా తమ్ముణ్ణి తీసుకుని ఆసుపత్రికి పోయింది. డాక్టరు అట్టలు తిప్పి చూసింది.

"ఇదే మందు ఆ పొడిలోనూ కలుపుతున్నట్టున్నారు. నేనిచ్చింది ఒకటి, ఇది ఒకటి. కండరాలు దెబ్బతింటున్నాయి. రెండూ ఆపేయండి. ఇవాళే చేరాలి, కిడ్నీలు చూడాలి."

"అంటే తగ్గించింది ఆకులు కాదా?" అన్నాడు తమ్ముడు మంచం మీంచి.

"ఆకులో, మాత్రలో, రెండూ కలిసో ఎవడికి తెలుసురా! తెలియనిదాన్ని నీ నోట్లో పోసింది మాత్రం నేనే."

డాక్టరు ఒక కాగితం ముందుకు తోసింది. "ఇవి ఎక్కడ దొరికాయో రాసి సంతకం పెడితే మందుల తనిఖీ అధికారులకు పంపిస్తాను."

"పెట్టకే అక్కా, నీ పని పోతుంది!"

"నోర్ముయ్. ఆ పొడి తాగేది నువ్వొక్కడివేనా?"

కలం పట్టుకుంది. వేళ్లకు పొద్దుటి జిగురు ఇంకా ఉంది. కలం అంటుకుంది. అలాగే రాసింది.