బొడ్డమ్మ వైద్యం

పోలారావు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తాడు. వెళ్లిన రోజుల్లోనే బొడ్డమ్మ మొగుడి మొక్కకి వైద్యం చేసేది.

అది పొట్టి పైన్ మొక్క. సోంపేటలో మొక్కల కొట్టు నడిపే మేనల్లుడు మహీధర్ దగ్గర పోలారావే ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఏడాదికి అంగుళం పెరిగితే గొప్ప. సూదుల్లాంటి ఆకులు, సగం ఆకుపచ్చ, సగం పసుపు. జీడితోటా కొబ్బరితోటా పెంచిన మనిషికి కాయా పండూ లేని జానెడు మొక్క మీద అంత మోజేమిటో! పొద్దున్నే పెరట్లో దాని పక్కన మంచం వాల్చుకుని, "మోకాలెత్తు రావాలంటే పదేళ్లట బొడ్డీ. సూత్తాను," అనేవాడు.

పదేళ్లు! డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పిన మాట వేరు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుంది.

ఒకనాడు పక్కింటి ఎర్రమ్మ ఆ మొక్కను చూసి ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మా, సరుగుడు మొక్కకి కామెర్లొచ్చినట్టుందే! దీన్ని ఇంటికాడ ఎట్టుకున్నారేటి?"

నవ్వులాటకే అంది. బొడ్డమ్మ మాత్రం నిజమనుకుంది. కొబ్బరిమట్ట పసుపెక్కితే నరికి పారేసి, పాదులో వేపపిండి వేసి చెట్టును నిలబెట్టుకునే ఊరది. జబ్బు మొక్క పక్కన కూర్చుంటే జబ్బు మనిషి బాగుపడేదెలా? మొక్క కోలుకుంటే మొగుడూ లేచి తిరుగుతాడని ఆమె మనసులో నాటుకుపోయింది.

ఇంకేముంది! అతను ఆటో ఎక్కగానే పీట వేసుకుని పసుపు సూదులన్నీ ఒక్కొక్కటే గిల్లేది. మరీ పసుపుగా ఉన్న రెమ్మల్ని కత్తెరతో మొదలంటా తీసేసేది. వేపపిండి వేసేది. సూదులు పల్చబడుతున్నాయేమని పోలారావు అడిగితే, "రాల్తన్నాయి బావా," అని తప్పించుకునేది. నెలలు గడిచేసరికి ఒక్క కొమ్మ మిగిలి, నిగనిగలాడుతూ ఆకుపచ్చగా లేచింది. పసుపన్నది మచ్చుకైనా లేదు.

ఆ సాయంత్రం పలాస నుంచి తూలుతూ వచ్చిన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. "సూడు బావా! నీ మొక్క బాగయిపోనాది. నానే బాగుసేసినాను."

పోలారావు వంగి ఆ కొమ్మను వేళ్లతో తడిమాడు. "అవునే, బాగయినాది," అన్నాడు. మర్నాటి నుంచి మంచం పెరట్లో వాల్చలేదు. నీరసం కాబోలనుకుంది బొడ్డమ్మ.

ఆదివారం మావను చూడ్డానికి మహీధర్ వచ్చాడు. పెరట్లో అడుగుపెడుతూనే తల పట్టుకున్నాడు.

"అత్తా, ఏటి సేసినావు? పసుపు జబ్బు కాదు, దాని అందమే అది! ఉత్త ఆకుపచ్చ కొమ్మ లేత్తే దాన్నే కత్తిరించాలని మావకి సెప్పినాను కూడా. పసుపు రెమ్మలన్నీ తీసీసినావు. ఇంక ఆ రంగు రాదు."

బొడ్డమ్మ లోపలికి పరుగెత్తి మొగుడి మంచం పక్కన కూలబడింది.

"నీకు తెలుసు కదా బావా! ఆ రోజే నన్ను తిట్టలేదేటి? బాగయినాదని ఎందుకన్నావు?"

పోలారావు వాచిన చేత్తో ఆమె తల నిమిరాడు.

"నా ఒంటి సంగతి నాకు తెలుసునే బొడ్డీ. నన్నెలాగా బాగుసెయ్యనేవు. ఆ మొక్కనయినా బాగుసేసినానని నువ్వంత సంబరపడతంటే, కాదని ఎలా సెప్పమంటావు?"

బొడ్డమ్మ మంచం పట్టె మీద తల ఆనించి, అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.